బంద్ పిజ్జా

మా ఆఫీసులో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఇప్పుడు పిజ్జాయే. అట్టపెట్టె మూత తీయగానే ముందు తడిసిన అట్ట వాసన, దాని వెనక ఏదో ఎండాకు పొడి వాసన, అడుగున ఎక్కడో చీజ్ వాసన. అందరూ ఆహా ఓహో అంటుంటే నేను మాత్రం ముక్కను మూతి దగ్గరికి తెచ్చుకుని పొగ వాసన కోసం వెతుకుతాను. ఉండదు. నా పిచ్చి గానీ, కరెంటు పొయ్యిలో కాలినదానికి పొగ ఎక్కడిది! "రజిత మేడంకు ఏదీ నచ్చదు" అని వీళ్లు నన్ను ఆటపట్టిస్తారు. నచ్చదు మరి. నేను పిజ్జా తినడం నేర్చుకున్నది సిద్దిపేటలో, ఖాజాభాయ్ బేకరీలోని కట్టెల భట్టీ ముందు, అదీ తెలంగాణ కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కి కూర్చున్న కాలంలో.

అప్పట్లో ఒక్కో ఊరి పిజ్జా ఒక్కో తీరు. హైదరాబాద్‌లో మా మేనత్త తినిపించింది అప్పడమంత పల్చగా ఉండి, చీజ్ మాత్రం తీగలు తీగలుగా సాగి గదవకు అంటుకునేది. కరీంనగర్‌లో బన్ను మీద క్యాబేజీ తురుము పరిచి, పైన తియ్యటి సాసు పోసి అదే పిజ్జా అని చేతిలో పెట్టేవారు. హుస్నాబాద్ బండి మీద పెనంపై మూతపెట్టి కాల్చేవారు, కింద మాడేది, పైన పచ్చిగా ఉండేది. ఖాజాభాయ్‌ది వీటన్నిటికీ వేరు. పావ్‌కు కలిపిన పిండినే రాత్రంతా పొంగనిచ్చి, అరచేత్తో ఒత్తి, దాని మీద వెల్లుల్లి, ఎర్రకారం వేసి ఉడికించిన టమాట ముద్ద పూసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి చల్లి, తుమ్మకట్టెల భట్టీలోకి పొడుగాటి కర్రతెడ్డుతో తోసేవాడు. చీజ్ హైదరాబాద్ నుంచి బస్సులో ఐసు డబ్బాలో రావాలి. బంద్ అయితే బస్సు లేదు, చీజ్ లేదు. అప్పుడు బర్రెపాలు విరగ్గొట్టి, ఆ ముక్కలకు ఉప్పూ కారం పట్టించి వేసేవాడు. బంద్ నాడు తప్ప దొరకదు గనుక దానికి బంద్ పిజ్జా అని పేరు పడింది. నాకూ, మా చిన్నాయినకూ చీజ్ పిజ్జా కంటే అదే ఇష్టం.

చిన్నాయిన అంటే మా బాపు తమ్ముడు, శీను. డిగ్రీ అయిపోయి, నౌకరీ లేక, మెడలో కండువా వేసుకుని ఉద్యమంలో తిరిగేవాడు. పొద్దున్నే దోస్తులతో కలిసి బజారంతా తిరిగి షట్టర్లు దించించేది తనే; మధ్యాహ్నం ఆకలికి తాళలేక ఖాజాభాయ్ పక్కసందు కిటికీ కొట్టేదీ తనే. ఆ సిగ్గుకు నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు, ఎవరన్నా అడిగితే పిల్ల ఏడుస్తోందని చెప్పడానికి. నేనెప్పుడూ ఏడవలేదు.

బంద్ నాటి మా ఊరిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చౌరస్తాలో వంటావార్పు ఉన్న రోజు జాతరలా ఉండేది గానీ, వట్టి బంద్ నాడు బస్టాండులో ఒక్క బస్సుండదు, కుక్కలు నడిరోడ్డు మీద పడుకునేవి, మన చెప్పుల చప్పుడు మనకే ఎవరో వెనక వస్తున్నట్టు వినిపించేది. ఆ నిశ్శబ్దంలో మూసిన షట్టర్ సందుల్లోంచి కాలుతున్న రొట్టె వాసన వచ్చేది. మనిషి కనపడడు, మాట వినపడదు, వాసన మాత్రం మనతో పాటు నడిచేది. లోపల దీపం వేసేవారు కాదు. కిటికీ రెక్క కూడా తీయకుండా, కొట్టిన తీరును బట్టి ఎవరో ఖాజాభాయ్ గుర్తుపట్టేవాడు. మా చిన్నాయినది వేలితో రెండుసార్లు టక్ టక్, ఆ తర్వాత బండి తాళంచెవితో రేకు మీద గర్రున ఒక గీత. "ఆగు శీనూ, అయితుంది" అని లోపలి నుంచి గొంతు వచ్చేది.

ఒకసారి వరసగా బంద్‌లు నడుస్తుండగా చిన్నాయిన కోహెడ నుంచి పొద్దుగూకినాక బండి మీద వస్తున్నాడు. రోడ్డుకు అడ్డంగా పెట్టిన బండరాళ్లు కనపడలేదు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆ రాళ్లు ఎవరు పెట్టారని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎవరని అడుగుతారు, అంతా మనోళ్లే కదా!

చిన్నకోడూరు తొవ్వలోని మా పొలంలో దహనం చేశాం. మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరం జరగాలి. పిట్ట వచ్చి ముట్టితే తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్నం, కోడికూర, గారెలు, కల్లు, పక్కన సిగరెట్టు పెట్టి మేమంతా గట్టు మీద కూర్చున్నాం. కాకులు రాకపోలేదు, వచ్చాయి. అదే భయమేసింది. తుమ్మచెట్టు నిండా వాలి, మెడలు వంచి విస్తరినే చూస్తూ, ఒక్కటీ అరవదు, ఒక్కటీ దిగదు. నాయినమ్మ కొడుకు పోయినప్పటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పిట్ట ముట్టందే తాను ముట్టనని మొండికేసింది. పెదవులు తెల్లగా ఎండిపోయాయి, కూర్చున్నచోటే తూలుతోంది. ఇంకో పూట ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని పెద్దవాళ్లు గుసగుసలాడుతున్నారు.

చిన్నాయిన దోస్తులు ఒక్కొక్కరే ముందుకొచ్చి దండం పెట్టారు. "తెలంగాణ తెస్తం శీనూ, పానం వొయినా తెస్తం, ముట్టు" అన్నారు. కాకులు కదల్లేదు. "అవ్వను నేను సూస్కుంట తమ్మీ" అని బాపు ఏడ్చాడు. కదల్లేదు. ఎండ నడినెత్తికొచ్చింది.

"చిన్నాయినకు బంద్ పిజ్జా ఇష్టం" అన్నాను నేను. అమ్మ నా తొడ మీద గిల్లింది.

నాయినమ్మ తల తిప్పింది. "గదేందో తేపోరా" అంది బాపుతో.

"బంద్ల దుకాణం యాడిదే అవ్వా?"

"పక్కసందుల కిటికి ఉంటది" అన్నాను.

బాపు నన్ను బండి ఎక్కించుకున్నాడు. ఊళ్లో చీమ చిటుక్కుమనడం లేదు, సందు మలుపులోనే కాలిన మిర్చి వాసన ఎదురొచ్చింది. బాపు అరచేత్తో కిటికీ తట్టి తన పేరు చెప్పాడు. ఖాజాభాయ్ రెక్క తీశాడు. చెల్లెలి పెండ్లికని జహీరాబాద్ పోయి, బస్సుల్లేక అక్కడే చిక్కుకుని, ఏదో లారీ పట్టుకుని ముందు రాత్రి పొద్దుపోయాక ఊళ్లో దిగి, వచ్చీ రాగానే పిండి కలిపాడట. మా సంగతి ఆయనకు తెలియదు.

"శీను పంపిండా? అయిపోయింది భాయ్, తీస్తున్న" అన్నాడు.

బాపు చేయి కిటికీ మీదే ఆగిపోయింది. "ఎవరు పంపిండంటున్నవ్?"

"శీను. జరసేపటి కింద కొట్టిండు గద. ఆకలైతుంది, మిర్చి జర ఎక్కువెయ్యి భాయ్ అన్నడు. గొంతు జర బొంగురువొయింది, జై తెలంగాణ నారాలిచ్చి ఇచ్చి."

"శీను లేడు భాయ్. మొన్న పోయిండు."

ఖాజాభాయ్ తెడ్డు గోడకు ఆనించి, తల మీద టోపీ సర్దుకుని, పెదవులు కదుపుతూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆ పిజ్జాను పేపర్లో చుట్టి రెండు చేతులతో అందించాడు. దాని మీద నిండా పచ్చిమిర్చి ఉంది. ఎవరో తుంటరి పోరగాడు చిన్నాయిన లెక్క కొట్టి ఉంటాడని బాపు ఎన్నో ఏళ్లు అన్నాడు. అట్లా కొట్టానని ఒప్పుకున్నవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు.

పొలానికి తెచ్చి విస్తట్లో పెట్టి మేము ఇంకా వెనక్కి తిరగనే లేదు, కాకులన్నీ ఒక్కసారే దిగాయి. రెక్కల గాలి నా మొహానికి తగిలింది. నాయినమ్మ మెల్లగా లేచి వెళ్లి, వాటి మధ్యనే కూర్చుని, మిగిలిన అంచు విరిచి నోట్లో పెట్టుకుంది. మునుపు పిజ్జా పేరు చెబితేనే ముక్కు మూసుకునే మనిషి. "ఇంత కారమా బిడ్డా" అని ఏడ్చి, నీళ్లు అడిగింది.

తర్వాత తెలంగాణ వచ్చింది. ఆ రాత్రి ఊరంతా రంగులు, పటాకులు, చిన్నాయిన దోస్తులు మా వాకిట్లో చిందేసి నాయినమ్మ నోట్లో మిఠాయి పెట్టబోయారు. "వాడు గిదడిగిండా? ఆకలైతుందన్నడు గంతే" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఖాజాభాయ్ లేడు, భట్టీ కూల్చేసి ఫోన్ల షోరూం కట్టారు. బంద్‌లు లేవు, బర్రెపాల ముక్కలేసిన పిజ్జా గురించి ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారు. పోయిన ఎండాకాలం నాయినమ్మ కూడా పోయింది. అదే పొలంలో పిట్టకు పెట్టాం. అన్నం, కోడికూర, గారెలు, కల్లు, అన్నీ పెట్టాం. తుమ్మచెట్టు మీద కాకులు వాలి ఊరకే చూశాయి. "నాయినమ్మకు ఏమిష్టమే?" అని బాపు నన్నడిగాడు. నేను అమ్మను చూశాను, అమ్మ మేనత్తను చూసింది. ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేది. పొద్దుగూకేదాకా కూర్చున్నాం, ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు.