కొత్తకోట టర్బో గురువు

కొత్తకోట హైవే పక్కన రేకుల డబ్బాలో పంక్చర్ షాపు నడిపే శివకుమార్‌కు కారు నడపడం రాదు. అయినా టర్బో కార్ల వాట్సాప్ గ్రూపులో మూడు వందల మందికి అతడే గురువు. గిరాకీ లేనప్పుడు పాత టైరు మీద కూర్చుని, మసి అంటని చిటికెన వేలితో ఫోన్ నొక్కుతూ, ఇంజిన్ బలం పెంచే ట్యూనర్లను ఉతికి ఆరేస్తాడు. ఆరు నెలలుగా అతని కోపమంతా ఒక్క ట్యూనర్ మీదే. చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే డైనో యంత్రం ఎక్కించి, గ్రూపులోని గోపీకృష్ణ కారుకు మూడు వందల హార్స్‌పవర్ ఉందని అతను కాగితం ఇచ్చాడు. రోడ్డెక్కితే ఆ కారు లాగదు. "వాడు దొంగ, వాని డైనో దొంగ" అని శివకుమార్ తీర్పు.

ఆదివారం పొద్దున గోపీకృష్ణ కారుతో సహా దిగాడు.

"గురువంటే నువ్వేనా అన్నా? గీ డబ్బాల?"

"డబ్బా సంగతి నీకెందుకు? బానెట్ తియ్."

శివకుమార్‌కు తెలిసిన పరీక్ష ఒక్కటే. ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో పైపులోకి కంప్రెసర్‌తో మెల్లగా గాలి ఎక్కించి, ట్యూబుకు చల్లినట్టే సబ్బునీళ్లు చల్లాడు. ఒక జాయింటు దగ్గర బుడగలు లేచాయి. డైనో దిగాక ఎప్పుడో క్లిప్పు వదులై గాలంతా అక్కడే పోతోంది. ట్యూనర్ తప్పు లేదు, డైనో తప్పూ లేదు. గుడ్డతో తుడిచేస్తే ఎవరికీ తెలియదు. చేతిలో గుడ్డ ఉంది కూడా.

"ఏమన్నా, వాడు దొంగేనా?"

శివకుమార్ క్లిప్పు బిగించి లేచాడు.

"కాదు తమ్మీ. గ్రూపుల నేనే రాస్త. నువ్వు మాత్రం గీ డబ్బా, సబ్బునీళ్ల ముచ్చట చెప్పకు."