సున్నా రాని సెన్సర్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో విజయవాడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పరిశోధన చేసేదాన్ని. నీళ్ళలో సీసం, రాగి లాంటి లోహాలున్నాయేమో చెప్పే బుల్లి సెన్సర్ తయారుచెయ్యడం నా పని. అగ్గిపుల్ల కంటే కాస్త వెడల్పు, అంతే. నీటిచుక్క వేసి మీటరుకి తగిలిస్తే అంకె వస్తుంది. ఏ లోహమూ లేని డిస్టిల్డ్ వాటర్‌కి ముందు సున్నా రావాలి. కాలవ నీళ్ళయినా, బోరు నీళ్ళయినా ఆ తర్వాతే.

నాకు సున్నా రాలేదు. ఎప్పుడు చూసినా రాగి ఉందనే చూపించేది. నెల రోజులు పుల్లలు మార్చాను, మీటరు మార్చాను. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం నుంచి బూడిద ఎగిరొస్తోందేమోనని మే నెలలో కిటికీలన్నీ మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

"సున్నా కూడా తెప్పించలేకపోతే ఎలాగమ్మా?" అన్నారు మా గైడు గారు. ఏడుపొక్కటే తక్కువ.

ఒకరోజు పొద్దున్నే ల్యాబుకి వెళ్ళాను. మా అటెండరు గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, రోజూ కొండపల్లి నుంచి రైల్లో వచ్చేవారు. ఆయన ధగధగలాడే రాగి బిందెలోంచి నా డిస్టిల్డ్ వాటర్ సీసా నింపుతున్నారు.

"బాబాయి గారూ, ఏంటండీ ఇది?"

"మీ నీళ్ళేనమ్మా. ఆ ప్లాస్టిక్ క్యాను వాసనొస్తోందని బిందె ఇంటి నుంచి తెచ్చాను. సాయంత్రం పోసి ఉంచితే తెల్లారేసరికి శుభ్రమైపోతాయి. మీరు దిగులుపడుతున్నారని ఈమధ్య రోజూ చింతపండేసి తోముతున్నాను కూడా."

స్టూలు మీద కూలబడ్డాను. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. సంగతి చెప్పాక ఆయన ముఖం చిన్నబోయింది. బిందె కింద పెట్టి, "అయితే మీ పుల్ల మొదట్నుంచీ నిజమే చెప్తోంది కదమ్మా!" అన్నారు. ఆ ముక్క నాకు తట్టనేలేదు.

నేరుగా గాజు సీసాలో పట్టిన నీళ్ళకి సున్నా వచ్చింది. ఆ దెబ్బతో ఆయనకి సెన్సర్ మీద గురి కుదిరి, వాళ్ళ వీధిలో బోరు నీళ్ళన్నీ మోసుకురావడం మొదలుపెట్టారు. ఒకనాడు టిఫిన్ డబ్బాలో చారు తెచ్చారు.

"మా ఆవిడ ఇత్తడి గిన్నెకి కొత్తగా తగరం కళాయి పెట్టించిందమ్మా. అందులో కళాయివాడు సీసం కలిపాడేమో చూడండి."

చూశాను, సీసం లేదు. మిగిలిన చారు మధ్యాహ్నం అన్నంలో కలుపుకున్నాను.

"సీసం లేదు గానీ బాబాయి గారూ, ఉప్పు కాస్త ఎక్కువైందండీ."

"ఆ మాట కాగితం మీద రాసి, కాలేజీ స్టాంపు వేసివ్వండమ్మా," అన్నారాయన. "ముప్పై ఏళ్ళ నుంచి నేను చెప్తుంటే నమ్మట్లేదు."