ఇద్దరికే తెలిసిన దోవ

ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా పని. ఆ ఏడు కొత్త పుస్తకంలో నిజంగా జరిగిన కథ ఒకటి పెట్టారు. ఏదో దేశంలో ఒకడు పాస్‌వర్డులు ఊహించి బ్యాంకు కంప్యూటర్లలోకి దూరతాడు. బ్యాంకువాళ్ళు ముందు తమ గుమాస్తానే అనుమానించి ఇంటికి పంపేస్తారు. దొంగ తర్వాతెప్పుడో దొరుకుతాడు.

బోర్డు మీద పాత్రలు, స్థలం, సంఘర్షణ, పరాకాష్ఠ, ముగింపు అని రాశాను. హీరో ఎవరంటే క్లాసంతా "హ్యాకరే మేడమ్!" అని నవ్వింది. కొండాపురం పునరావాస కాలనీ నుంచి వచ్చే అమ్మాయి ఒకతి మాత్రం నవ్వలేదు.

"ఆ గుమాస్తా ఏమాయెనో రాయలేదే మేడమ్? దొంగ దొరికినాక ఆయప్పను పిల్సి, తప్పు మాదేనని ఎవురన్నా చెప్పినారా?"

"పుస్తకంలో లేదమ్మా" అన్నాను. గంట ఇంకా కొట్టకముందే క్లాసు వదిలేసి, స్టాఫ్ రూములో కూర్చొని ఏడ్చాను.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. నేను ఇంటరు చదివేటప్పుడు, ఎన్నికల రోజున ఎదుటి వర్గంవాళ్ళు మా నాయనను చంపారు. ఆ నెలలోనే అమ్మ నా తమ్ముణ్ని బెంగుళూరు పంపేసింది. మాలాంటి ఇళ్ళలో ఎవరైనా బయలుదేరితే ఎప్పుడు, ఏ దోవన అని అడగరు. వచ్చేవాడు కాక ఇంకో ఇద్దరికి మించి దోవ తెలియకూడదు. కన్నతల్లి కూడా అడగదు. కొడుకు గడపలో నిలబడినప్పుడే ఆమెకు తెలిసేది.

ఉద్యోగం, పెళ్ళి అయ్యాక నాకు కూతురు పుట్టింది. మేనమామ చేతుల మీదుగా ఉయ్యాల్లో వేయాలని నాకు ఒకటే ఆశ. అబ్బ, ఎంత మొండిదాన్ని! అమ్మ వద్దన్నా వినలేదు. ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే పక్కనున్న వాళ్ళు వింటారని, నెట్ సెంటరుకు పోయి తమ్మునికి ఈమెయిలు రాశాను. ముద్దనూరు మీదుగా రావద్దు, పులివెందులలో బస్సు దిగు, మామ జీపు తెస్తాడు, వేముల మీదుగా రండి అని. దోవ తెలిసింది నాకూ మామకూ మాత్రమే. మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు, వేములలో ఉంటాడు.

వేముల దాటాక పట్టపగలు జీపును అడ్డగించారు. మామను నలుగురు పట్టుకొని పక్కన నిలబెట్టారు. చేయాల్సింది చేసి పోయారు. అదే జీపులో మామ నా తమ్ముణ్ని ఇంటికి తెచ్చాడు.

అమ్మ ముందు కొడుకును చూసింది. తర్వాత మామను కిందికీ పైకీ చూసింది.

"నీ ఒంటి మింద గీరుకుడన్నా లేదు గదరా! దోవ తెల్సినోల్లు ఇద్దరే. ఒగతి నా కూతురు. ఇంగొగడు నువ్వు. నా గడప తొక్కొద్దు, పో!"

దినాలు అయిపోయాక తమ్ముని పాత ఉత్తరాలైనా చదువుకుందామని నెట్ సెంటరుకు పోయాను. ఈమెయిలులో మనం తెరవని ఉత్తరాలు లావు అక్షరాల్లో ఉంటాయి. వాడు బయలుదేరే ముందు రాసిన ఉత్తరం ఒకటి ఉంది. బిడ్డ పనుల్లో పడి నేనది తెరవనే లేదు. కానీ దాని అక్షరాలు సన్నగా ఉన్నాయి. ఎవరో నాకంటే ముందే చదివేశారు.

"అక్కా, నువ్వు చెప్పిన దోవనే వస్తాండా. పాపకు వెండి మొలతాడు తెస్తాండా."

దాని కిందే నేను రాసిన దోవంతా ఉంది. అకౌంటు తెరిచిన రోజు సెంటరాయన, మరిచిపోని పేరేదైనా పాస్‌వర్డుగా పెట్టుకోండి మేడమ్ అన్నాడు. నేను మా నాయన పేరు పెట్టాను. చదువుకున్నదాన్ని, పదిమందికి పాఠం చెప్పేదాన్ని, నాకు ఎక్కడ పోయింది బుద్ధి? ఆయన్ను చంపినవాళ్ళకు ఆ పేరు మాకంటే బాగా గుర్తుంటుందని ఎందుకు తోచలేదు?

అమ్మకు రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఏళ్ళయింది. మామ నాలుగైదుసార్లు మా కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు.

"మ్మా, అక్కకు నువ్వన్నా ఒగ మాట చెప్పుమ్మా. నేను చెప్పలేదని నీకు తెల్సు గదా?"

"తెలుసు మామా" అన్నాను. క్లాసుందని చెప్పి లోపలికి పోయాను. థూ, నా బతుకు!

తర్వాత ఎన్నికలొచ్చాయి. పార్టీలు తారుమారయ్యాయి. వాళ్ళూ మావాళ్ళూ ఒకే జెండా కిందికి వచ్చి రాజీ అన్నారు. నా తమ్ముణ్ని చంపినవాళ్ళు మా వసారాలో కూర్చొని టీ తాగి పోయారు. అమ్మ వాళ్ళకు దండం పెట్టింది. మామతో మాత్రం రాజీ పడలేదు. ఆయన గుండె ఆగి పోయినప్పుడు వేములకు రమ్మని నేను ఎంత బతిమాలినా కదల్లేదు. క్లాసులో ఆ కథ చెప్పేనాటికి అది జరిగి రెండేళ్ళు.

ఆ అమ్మాయి గుమాస్తా సంగతి అడిగిన రోజు సాయంత్రమే పల్లెకు పోయాను. అమ్మ వసారాలో అలసందకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చొని ఉత్తరం, పాస్‌వర్డు, సన్నటి అక్షరాలు, అన్నీ చెప్పాను. కంప్యూటరు సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అయితే నా తమ్ముడు చెప్పలేదా?"

"లేదమ్మా. నా వల్లే."

"నీకెప్పుడు తెల్సె?"

"తమ్ముని దినాలు అయినప్పుడే."

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. లేచి లోపలికి పోయి ట్రంకు పెట్టె మూత ఎత్తింది. అడుగు నుంచి మడత విప్పని కొత్త పంచె ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. మా వైపు తమ్ముడు పోతే అక్క కొత్త గుడ్డ తీసుకుపోయి శవం మీద కప్పాలి.

"మీ మామ సచ్చిన పొద్దే కొన్యా. బయటికి గూడా వస్తి. నా కొడుకు గుర్తొచ్చి కాళ్ళు సాగలేదు." పంచె మీద దుమ్మును చేత్తో తుడిచింది. "ఇప్పుడు దీన్ని యాడ కప్పాల మ్మా?"