మా చేను దగ్గరి గుంత

దగ్గరకు జరిగి కూర్చోండి, బెల్లంకొండ బస్సులో కలిసిన ఒక ముసలామె సంగతి చెబుతాను. నెలలు నిండిన కోడల్ని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళుతున్నాను. మా చేను పక్కన బస్సు గుంతలో పడింది. కోడలు కెవ్వుమంది.

"రోడ్డేసినోళ్ల చేతులు పడిపోను," అన్నాను.

పక్క సీటు ముసలామె ఒకప్పుడు రోడ్డు పనికి వెళ్లేదట. "వాళ్లనెందుకంటావే అమ్మాయ్? ఈ చేనోళ్లు ట్రాక్టర్ దించడానికి రోడ్డు పక్క కాలవని మట్టితో పూడ్చారు. అడుగున నీళ్లు పోడానికి తూమన్నా ఎయ్యలా. నీళ్లు నిలిచి రోడ్డు నానిపోయిద్ది. వానలకు ముందు ఏటా మేం తవ్వటం, ఏటా వాళ్లు పూడ్చటం. చానా విసిగిపోయాం. ఆ చేనెవరిదో నీకేమన్నా తెలుసా?"

ఒళ్లు మండింది, కానీ ఆ చేను మాదే. కోడలు కడుపు పట్టుకుని నావైపే చూసింది.

మనవరాలు క్షేమంగా పుట్టింది. మా ఆయన తూము వేయించేదాకా నేను ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మీ ఆడపిల్లలు కుదుపు లేకుండా పురిటికి చేరాలి, మీ ఇల్లు చల్లగా ఉండాలి.