చక్రం పక్కకి వెళ్లకు

మా అక్క నారాయణమ్మ మొగుడు గణపతిరావు ఎయిర్‌ఫోర్సులో యుద్ధవిమానాల చక్రాలూ బ్రేకులూ చూసే పని చేసి, రిటైరై సాలూరు వచ్చేశాడు. ఆనాటి నుంచి మా లారీల వాళ్లకి చెవుల తుప్పు వదిలిపోయింది. టీ గ్లాసు చేతికొస్తే చాలు, విమానం దింపేస్తాడు.

"దిగ్గానే తోకలోంచి పేరాసూటు ఇచ్చుకుంటాది. సగం జోరు అదే లాగేస్తాది. ఆ తరవాతే సక్రాల బ్రేకులు. సక్రం పట్టేసి జారిపోకుండా బ్రేకు దానంతటదే వదుల్తూ పడుతూ ఉంటాది."

"మా లారీకీ ఓ పేరాసూటు కుట్టీ బావా, గాటీ దిగొచ్చు" అని ఏడిపించి, కథ సగంలోనే లేచిపోయేవాణ్ని. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

మొన్న వేసవిలో ఒరిస్సా నుంచి లోడుతో వస్తుంటే, కొరాపుట్‌లో పెళ్లి చూసుకుని బావ కూడా నా లారీ ఎక్కాడు. ఘాటీ, అంటే ఆ కొండదారి, చిన్న గేరులో దిగాలి. నాకు ఇంటికి చేరే తొందర. పెద్ద గేరులోనే, బ్రేకు మీంచి కాలు తియ్యకుండా దింపేశాను. బావ చెప్పాడు, నేను విన్లేదు. కింద అప్పలసూరి టీ బడ్డీ దగ్గర ఆపేసరికి వెనక ఎడమ చక్రం పొగలు కక్కుతోంది.

ఇలాంటి చక్రాల కోసమే ఆ బడ్డీ ముందు ఎప్పుడూ నీళ్ల డ్రమ్ము నిండుగా ఉంటుంది. పొగలొచ్చిన చక్రం మీద బకెట్టుతో కుమ్మరించడం మా దారిలో అందరికీ అలవాటే. బుస్సుమని చల్లారితే మనసు నిమ్మళిస్తుంది. నేనూ బకెట్టు ముంచి చక్రం వైపు నడిచాను.

"ఒరే తిరుమలరావూ, అది ఒగ్గీ. పక్కకెల్లావంటే సస్తావు."

బావ అంత గొంతు ఎత్తగా నేనెప్పుడూ వినలేదు.

"లారీ తగలడిపోతాది బావా."

"తగలడనీ. బండి పోతే బండొస్తాది."

నా కాలరు పట్టుకుని బడ్డీ వెనక్కి ఈడ్చుకెళ్లాడు. టీ తాగేవాళ్లని కూడా తరిమాడు. అందరి ముందూ అలా లాగినందుకు నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో టైరు పేలింది.

చక్రం ఇనప రింగు ఎగిరొచ్చి, నేను వదిలేసిన బకెట్టుని నలిపేసి, నీళ్ల డ్రమ్ముని చీల్చుకుంటూ పోయింది. ఎవరికీ చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు. నా కాళ్లూ చేతులూ తడుముకున్నాను. అన్నీ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఒకపాలి ఎగరబోయి జోరుగా పోతన్న ఇమానాన్ని బ్రేకేసి ఆపేసినారు" అన్నాడు బావ. "సక్రాలు ఎర్రగా కాగిపోనాయి. నాను కొత్తోణ్ని, పక్కనుంచి ఎల్లబోయాను. మా సార్జెంటు నా కాలరు ఇలాగే లాగినాడు. కాగిన సక్రానికి నీల్లు తగిల్తే పగుల్తాది. పేలితే ముక్కలు పక్కలకే ఎగుర్తాయి, ఎల్తే ముందునుంచో ఎనకనుంచో ఎల్లాల. ఇమానం సక్రానికైతే ఏడెక్కితే కరిగే బిరడా ఉంటాది, గాలి మెల్లగా పోతాది. నీ లారీకి అదెక్కడిది?"

పొగ పూర్తిగా తగ్గాక అప్పలసూరి టీ ఇచ్చాడు. బావ తాగకుండా గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మీ అక్కకి ఏటి సెప్పాల్రా అనుకున్నాను" అన్నాడు.

నేను ఆయన పక్కనే కూర్చున్నాను. "బావా, ఆ పేరాసూటు సంగతి సెప్పు."

మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆఖరిదాకా లేవలేదు నేను.