ఏడో గదిలో ఎనిమిది డబ్బాలు

చిక్కడపల్లిలో ఇడ్లీ పార్సిలు కట్టేవాళ్ళు చట్నీ కవరుకు వేసే ముడి గురించి ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి. గోళ్ళతో రాదు. చివరికి పళ్ళతో కొరికితే సగం చట్నీ చొక్కాకి, మిగతా సగం ఇడ్లీకి. ఆ ముడి వేసే మనిషిని మన ప్రాజెక్టులో పెట్టుకుందామని నేనొకసారి మేడమ్‌తో అన్నాను. ఆవిడ నవ్వలేదు. మా డబ్బాల మూతలు మాత్రం అంత గట్టిగా ఉండేవి కావు. వాటిని స్కూటరు డిక్కీలో పెట్టుకుని, గుంటగుంటకీ దేవుణ్ణి తలుచుకుంటూ నారాయణగూడ చౌరస్తా దాటాల్సింది నేను.

డబ్బాల్లో ఉండేది మలం. పేగుల్లో పురుగులు ఎవరెవరికి ఉన్నాయి, మందు వేశాక ఎవరికి మిగిలాయి అన్నది మా పరిశోధన. మేడమ్ దానికి పెద్ద, నేను అసిస్టెంటుని. మైక్రోబయాలజీలో పీజీ చేశాను కాబట్టి, పొద్దున్నే ముక్కూ మొహం తెలియనివాళ్ళ తలుపు తట్టి "ఇవాళ అయిందా?" అని అడిగే అర్హత నాకుందని ఆవిడ నమ్మకం.

అశోక్‌నగర్‌లో ఒక హాస్టలు. మూడో అంతస్తులో ఏడో గది, అందులో ఎనిమిదిమంది. అందరూ ఊళ్ళ నుంచి సర్కారు ఉద్యోగాల పరీక్షలకి వచ్చి చదువుకుంటున్నవాళ్ళే. తలా ఒక డబ్బా ఇచ్చి, సంతకాలు తీసుకుని వచ్చాను. వేరే గదుల నుంచి డబ్బా తిరిగి రావడానికి వారం పట్టేది. కొన్ని అక్కడే సబ్బుపెట్టెలుగా స్థిరపడిపోయాయి. ఏడో గదిలో మాత్రం మర్నాడు పొద్దున ఎనిమిదీ కిటికీలో వరసగా నిలబడి ఉన్నాయి. క్రమశిక్షణ అంటే ఇదీ అనుకున్నాను.

ల్యాబులో చూస్తే ఎనిమిదింటిలోనూ కొంకిపురుగు గుడ్లు. ఈ పురుగు పొలం మట్టిలోంచి, చెప్పుల్లేని పాదంలోంచి ఒంట్లో చేరుతుంది. పేగుని కరుచుకుని, రక్తం తాగుతూ ఏళ్ళ తరబడి కిరాయి లేకుండా ఉండిపోతుంది. మిగతా హాస్టల్లో ఎవరికీ లేదు. ఒక్క గదిలో ఎనిమిదిమందికీ ఉంది, గుడ్ల లెక్క కూడా ఇంచుమించు ఒకటే. ఇది పక్కమంచం మీదికి దూకే పురుగు కాదని పుస్తకంలో ఉంది. పుస్తకం రాసినవాళ్ళు అశోక్‌నగర్ హాస్టళ్ళు చూడలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

రూలు ప్రకారం మర్నాడే వెళ్ళి మాత్రలివ్వాలి. కానీ మేడమ్ ఊళ్ళో లేరు, మీటింగుకి ఇంకా రెండు వారాలుంది. మాత్రలు మింగేస్తే నా వింత కాస్తా పోతుంది. అందుకని ఓ రంగుల పటం తయారుచేస్తూ కూర్చున్నాను. విద్యానగర్, నల్లకుంట అంతా పచ్చగా, అశోక్‌నగర్‌లో ఒక ఎర్రచుక్క. ఆ చుక్కని మూడుసార్లు పెద్దది చేశాను. మీటింగులో మేడమ్ పటం వంక చూడనేలేదు. వీళ్ళకి మందు ఇచ్చావా అని అడిగారు. ఇవాళే ఇస్తున్నానన్నాను. పూర్తి అబద్ధమేం కాదు.

సాయంత్రం మాత్రలతో వెళ్ళి, ఎనిమిదిమందికీ పురుగులున్నాయని చెప్పాను. ఏడుగురు మెల్లగా ఒకడి వైపు తిరిగారు. అతను ఎస్సై ఉద్యోగానికి తయారవుతున్నవాడు. రోజూ తెల్లారకముందే గ్రౌండుకి వెళ్ళి పరుగెత్తుతాడు. అప్పుడే సాయంత్రం రౌండు కూడా ముగించుకొచ్చి గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. వాళ్ళలో పెద్దతను, నాలుగోసారి గ్రూప్స్ రాస్తున్నాయన, కొంచెం నీళ్ళు నమిలి చెప్పాడు.

"రేపు జాబొస్తే మెడికల్‌ల ఇదంత బయటపడ్తదేమో అని జర భయపడ్డమన్నా. మాలో ఫిట్‌గ ఉన్నోడు వీడొక్కడే. అందుకే అన్ని డబ్బాలూ వీనితోనే నింపించినం."

నాకు నవ్వాగలేదు. వాళ్ళూ నవ్వారు. ఒక్కసారి అంత పని చేయగలిగినవాడికి పదహారు వందల మీటర్ల పరుగు ఒక లెక్కా అని ఎవరో అన్నారు. అతను నవ్వలేదు. ఆ పురుగు ఏం చేస్తదని అడిగాడు. రక్తం తగ్గుతుంది, ఆయాసం వస్తుంది అన్నాను. నెలరోజుల నుంచి తన టైమింగు పెరుగుతూనే ఉందని, తిండి చాలక అనుకుని ఇంటినుంచి డబ్బులు తెప్పించుకుని గుడ్లు, పాలు ఎక్కువ చేశానని చెప్పాడు. మాత్ర వేస్తే దమ్ము ఎన్నాళ్ళకి తిరిగొస్తదని అడిగాడు. పురుగు రోజుల్లో పోతుంది గానీ రక్తం పట్టడానికి వారాలు పడుతుంది, రేపే రక్తపరీక్షకి తీసుకెళ్తానన్నాను. అతని రన్నింగు ఈవెంటు వచ్చే సోమవారం.

"రిజల్ట్ నీకెప్పుడు తెల్సింది?" అన్నాడు.

రెండు వారాలైందన్నాను.

అతను మాత్ర నోట్లో వేసుకుని, నమిలి, నీళ్ళు తాగి, సీసా మూత తీరిగ్గా బిగించాడు.

"ఈళ్ళు కాపీ కొట్టిన్రు, తప్పే. ఎనిమిది పేపర్లు ఒక్కతీరుగ ఉంటే దిద్దెటోనికి అనుమానం రావాలె గదన్నా?"