కుంకుడు రసంలో కడిగిన రికార్డు

నా చిన్నప్పుడు తార్నాకలో మా ఇంటికీ పక్కింటి అక్క వాళ్ల ఇంటికీ మధ్య ఒక పొట్టి గోడ ఉండేది. కూరగిన్నెలు, కబుర్లు, అప్పుడప్పుడు చిన్నచిన్న అలకలు కూడా ఆ గోడ మీంచే అటూ ఇటూ పోయేవి. మాది నల్గొండ వైపు వ్యవసాయ కుటుంబం. మా నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికితే పట్నం చేరాం. అక్క వాళ్లు కోస్తా నుంచి వచ్చినవాళ్లు. అక్క అదే యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేది. ఆమె మాట తీరుకు మేం నవ్వేవాళ్లం, మా మాట తీరుకు ఆమె నవ్వేది. ఆమె రికార్డు ప్లేయర్ తిరగడం మొదలైతే మాత్రం అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం.

ఇప్పుడు నేను సాయంత్రం పూట మాటల్లేని పాటలు పెట్టుకుని కూర్చుంటే, "నానమ్మా, మళ్లీ లిఫ్టు మ్యూజిక్ పెట్టావా?" అని మా మనవరాలు ఎగతాళి చేస్తుంది. దాని మొహం, దానికేం తెలుసు! పదిమందికీ నోటికొచ్చిన పాటను ఒక పెద్ద ఆర్కెస్ట్రా తీసుకుని, గొంతు ఉండాల్సిన చోట వయొలిన్లను పెట్టి తనకు నచ్చినట్టు వాయించే రికార్డులవి. అటువంటి రికార్డు ఒకటి ఒకరోజు మా నానమ్మను ఇంట్లోంచి పంపించేసినంత పని చేసిందని చెప్తే అది నమ్మదు.

తాతయ్య పోయాక మా నానమ్మ ఆ రికార్డు గొడవ జరిగిన ఏడాదే మా దగ్గరికి వచ్చింది. నేను ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. పొలంలో పనిచేసిన మనిషి కాబట్టి ఆమె చేతులు ఊరుకునేవి కావు. డాబా మీద రేడియో కోసం కట్టిన ఏరియల్ తీగను బట్టలారేసే దండెం అనుకుని, తడి చీరలు వేసి తెంపేసింది. కరెంటు హీటరు మీద పాలు పొంగించి ఇల్లంతా చీకటి చేసింది. మా అమ్మ గయ్యాళిది కాదు. అయినా విసుగొచ్చి, "అత్తమ్మా, నువ్వేది ముట్టకుండ కూసుంటె నాకదే పదివేలు" అనేసింది. ఆ మాట నానమ్మకు ఎంత గుచ్చుకుందో ఆ రోజు దాకా మాకు తెలియలేదు.

దసరా సెలవులు. అక్క వాళ్లింటికి సున్నాలు వేస్తున్నారు. సామానంతా వాకిట్లో పడింది. అప్పటికే సున్నం చుక్కలు పడ్డాయి, ఇంకా పాడవుతుందని అక్క తన రికార్డు ప్లేయర్‌నూ, ఒక పెద్ద రికార్డునూ గోడ మీంచి మాకు అందించింది. రికార్డు ఆమె సొంతం కాదు, వాళ్ల మేడం గారిది. సెలవులకు ఊళ్లకు పోని అమ్మాయిలంతా మర్నాటి సాయంత్రం హాస్టల్లో కూడి దాన్ని వినబోతున్నారట. "నీకిష్టమైన సినిమా పాట ఇందులో ఉందే. కావాలంటే పెట్టుకో. ముల్లు మాత్రం మెల్లగా దించు" అని చెప్పి అక్క లైబ్రరీకి పోయింది. మా అమ్మ కాచిగూడలో పిన్ని దగ్గరికి వెళ్లింది. ఇంట్లో నానమ్మ, నేను మిగిలాం.

నేను బయట తొక్కుడుబిళ్ల ఆడి వచ్చేసరికి ఆ రికార్డు నీడన, మడతపెట్టిన పాత ధోవతి మీద, గోడకు ఆనించి ఉంది. దాని మీద సున్నం చుక్కలు చూసి నానమ్మ ప్రాణం ఊరుకోలేదు. విలువైన వస్తువు ఏది మాసినా ఆమెకు తెలిసింది కుంకుడు రసం ఒక్కటే. పట్టుచీర అయినా, పుస్తెలతాడు అయినా, నా తలకాయ అయినా అందులో పడాల్సిందే. మధ్యలో ఉన్న కాగితానికి తడి తగలకుండా వేళ్లతో మెల్లగా రుద్ది కడిగిందట. "సూడు బిడ్డా, అద్దం లెక్క అయింది" అని మురిసిపోయింది. నిజంగానే అందులో నా మొహం కనబడింది.

బాగా ఆరాక పెట్టాను. వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి. అది నా పాటే, రోజూ రేడియోలో వినేదే. ఇద్దరం చాప మీద సర్దుకుని కూర్చున్నాం. పాడేవాడు మాత్రం రాలేదు.

"ఇంకా పాడుతలేడేంది బిడ్డా?" అంది నానమ్మ.

"వస్తడు నానమ్మా, ముందుగాల మ్యూజిక్ ఉంటది" అన్నాను పెద్ద తెలిసినదానిలా.

పల్లవి పోయింది, చరణం పోయింది, పాటే అయిపోయింది. తర్వాతి పాటలోనూ అంతే. తిప్పి రెండో వైపు పెట్టాను. రికార్డు మొత్తం మీద ఒక్కరూ నోరు తెరవలేదు. అట్ట మీద ఏం రాసి ఉందో చదువుదామంటే, మా తెలుగు మీడియం బడిలో ఇంగ్లీషు అప్పుడప్పుడే మొదలైంది. అక్షరాలు కూడబలుక్కున్నా అర్థం తెలియలేదు.

 వాయిద్యాలు గట్టివి కాబట్టి మిగిలాయి, మనిషి గొంతు మెత్తనిది కాబట్టి కుంకుడు నురగలో కొట్టుకుపోయింది అనుకున్నాను. నవ్వకండి, ఆ వయసుకు అది గొప్ప తర్కమే. నానమ్మ నా మొహం చూసి తనకు తానే గ్రహించుకుంది. "చీర రంగు పోయినట్టు గొంతు పోయిందా బిడ్డా?" అని అడిగింది. నేను తల ఊపాను.

ఆమె లేచి లోపలికి పోయి తన చీరలు తెచ్చి మూట కట్టడం మొదలుపెట్టింది. "తీగ తెంపిన, కరెంటు తీసిన. గిప్పుడు పరాయోళ్ల సొమ్ము ఖరాబు చేసిన. మీ అమ్మకు మొకం ఎట్ల సూపియ్యాలె? మీ నాయిన రాంగనే బస్సు ఎక్కియ్యమంట. నేను ఊరికి పోత" అంది. ఊళ్లో తాళం వేసిన ఇల్లు తప్ప ఎవరూ లేరని నాకు తెలుసు. అక్కడ ఆమె ఒక్కతే ఉండాలి, ఇక్కడ నేను ఒక్కదాన్నే పడుకోవాలి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నేనొచ్చేదాక కదిలితే నా మీద ఒట్టు" అని చెప్పి పరుగెత్తాను.

నాన్న ఆఫీసుకు అన్నం డబ్బా ఇచ్చిరావడం అలవాటే కాబట్టి యూనివర్సిటీ దారి నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు చెట్ల కింద ఆ రోడ్డు ఎంతకీ తరగలేదు. అక్క లైబ్రరీ మెట్ల మీద స్నేహితురాలితో మాట్లాడుతూ కనబడింది. వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని, "అక్కా, మా నానమ్మను ఏమనకు. ఆమె కావాల్నని చెయ్యలె. పాడెటాయన గొంతు కుంకుళ్ల నీళ్లకు పోయింది" అని వెక్కుతూ చెప్పేశాను. అక్కకు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పెదవులు బిగబట్టి అటు తిరిగింది. ఆ నవ్వు ఆపుకోవడానికి ఎంత కష్టపడిందో తర్వాత చాలా ఏళ్లు చెప్పుకుంది. అప్పుడు మాత్రం నా కళ్లు తుడిచి, "పద, ఏం పోయిందో చూద్దాం" అంది.

మేం వచ్చేసరికి మా అమ్మ కూడా వచ్చేసింది. నానమ్మ గడప పక్కన మూట పెట్టుకుని కూర్చుంటే, ఏమైందో తెలియక అమ్మ గాభరా పడుతోంది. అక్క ఎవరికీ ఏమీ చెప్పకుండా రికార్డు పెట్టి, కాసేపు చెవి ఒగ్గి వింది. "మామ్మగారూ, నిన్నటిదాకా ఇది చిటపటలాడేదండీ. ఇప్పుడెంత శుభ్రంగా మోగుతోందో!" అంది.

"మరి పాడెటోడేడి?" అని నానమ్మ నిలదీసింది.

అక్క ప్లేయర్ ఆపి నానమ్మ పక్కన కూర్చుంది. నాట్లేసేటప్పుడు పాడుకునే పాట ఏదైనా నోరు మూసుకుని పాడమని అడిగింది. ఈ పిల్లకేమైనా పిచ్చా అన్నట్టు చూసింది నానమ్మ. అక్క బతిమాలగా బతిమాలగా చివరికి కళ్లు మూసుకుని సన్నగా కూనిరాగం తీసింది. అది నాకు అన్నం తినిపిస్తూ పాడే పాటేనని నేనూ అమ్మా వెంటనే పోల్చుకున్నాం.

"మాటలు పోయాయి కదా, పాట పోయిందా మామ్మగారూ?" అంది అక్క.

"ఎట్ల పోతది? మాటలు నా కడుపుల ఉన్నయి గద."

"ఇదీ అంతేనండి. ఇందులో పాడేవాడు మొదట్నుంచీ లేడు. అందరికీ తెలిసిన పాటలే కదా, మాటలు వినేవాళ్ల కడుపులోనే ఉంటాయన్న ధీమాతో వీళ్లు రాగం మాత్రం వాయించారు."

నానమ్మ ఆమె మొహంలోకి చూసింది. "కుంకుళ్లకు పోలే?" "పోలేదండి." "ఒట్టు?" "మీ మీద ఒట్టు."

అమ్మయ్య! నా పోయిన ప్రాణం లేచొచ్చింది. విషయం అర్థమయ్యాక మా అమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే వంగి ఆ మూట తీసుకుని, లోపలికి పోయి, చీరలు ఒక్కొక్కటే దులిపి మళ్లీ దండెం మీద వేసింది. "నీకు ఊరెందుకు అత్తమ్మా? నేనన్న మాట మర్చిపో" అని లోపల్నుంచే అంది. నానమ్మ ముక్కు చీదింది.

అప్పుడు అక్క ఆ రికార్డును మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఈసారి ఎవరి కోసమూ ఎదురుచూడకుండా విన్నాం. రేడియోలో గబగబా పోయే నా పాట ఇక్కడ తాపీగా నడుస్తోందని నానమ్మే ముందు పట్టుకుంది. "గాయన ఉరుకుతుండె, వీళ్లు నడుస్తున్నరు" అంది. వయొలిన్లు ఒక లైను అనగానే వేణువు వెనకాల నుంచి అందుకుంటుంటే, "గిది అడుగుతున్నది, గది చెప్తున్నది" అని వేలెత్తి చూపించింది. అమ్మ లోపల్నుంచి పాట మాటలు కలుపుతోంది. నేను నా మాటలు కలిపాను. నానమ్మ ఆ సినిమా చూసింది లేదు, ఆ మాటలు తెలిసిందీ లేదు. అయినా తల ఊపుతూ ఏదో కలుపుకుంది. గొంతు లేని ఆ జాగాలో మా ముగ్గురికీ చోటు దొరికింది.

మర్నాడు హాస్టల్‌కు అక్క నానమ్మను కూడా వెంటబెట్టుకుపోయింది. రికార్డు చిటపట ఏమైపోయిందని మేడం గారు ఆశ్చర్యపోతే, కుంకుళ్లు ఎంతసేపు నానబెట్టాలో నానమ్మ ఆవిడకు వివరంగా చెప్పింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, నాకు పెళ్లయి పిల్లలు పుట్టేదాకా, నానమ్మ మా ఇంట్లోనే ఉంది. మూట కట్టిన రోజు మళ్లీ రాలేదు.

ఇంట్లో ఏదైనా పాడైపోయిందని గోల లేచినప్పుడు, ఎవరినో ఒకరిని అనేముందు మళ్లీ ఒకసారి మొదటి నుంచి వినడం నాకు ఆ రోజే అలవాటైంది. ఇక ఆ రికార్డులంటారా, ఇప్పటికీ వయొలిన్లు లేవగానే ఒక్క క్షణం పాడేవాడి కోసం చూస్తాను. రాడని తెలుసు. వాడు రావాల్సిన చోట, నోరు మూసుకుని మా నానమ్మ తీసిన కూనిరాగం మొదలవుతుంది. ఆ నాట్ల పాట మా ఇంట్లో పాడేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. మాటలు నా కడుపులో ఉన్నాయి.